గోడమీది బొమ్మలు ఇంట్లోకొచ్చాయి

చెన్నై మూర్ మార్కెట్ స్టేషన్‌లో సూళ్లూరుపేట లోకల్ ఎక్కితే తడ చేరడానికి దాదాపు రెండు గంటలు. గుమ్మిడిపూండి దాటాక జనం పల్చబడతారు. ఎలావూరు, ఆరంబాకం... తర్వాత స్టేషన్ పేరు పలక మీద తెలుగు అక్షరాలు కనిపిస్తాయి. అదే తడ. ఆంధ్రలో అడుగుపెట్టేశాం! రైల్లో మాత్రం ఏ మార్పూ ఉండదు. మల్లెపూల బుట్ట పక్కన పెట్టుకున్నావిడ అటు తమిళంలో బేరమాడి, ఇటు తిరిగి తెలుగులో పిల్లాణ్ని కసురుతుంది. సరిహద్దు అంటే ఇక్కడ గీత కాదు, ఓ చిన్న దగ్గులాంటిది. మాట మధ్యలో వస్తుంది, పోతుంది.

తడ అనగానే ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. లారీ డ్రైవర్లకైతే చెక్‌పోస్టు. చెన్నై కుర్రాళ్లకు ఉబ్బలమడుగు జలపాతం. పక్షుల్ని చూసేవాళ్లకు పులికాట్ సరస్సు, ఫ్లెమింగోలు. కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లకు శ్రీసిటీ. నాకు మాత్రం తడ అంటే మామయ్య. వేసవి సెలవుల్లో మా అమ్మతో కలిసి వెళ్లే పెంకుటిల్లు, చేపల పులుసు, సాయంత్రమయ్యేసరికి సరస్సు మీది నుంచి వచ్చే ఉప్పుగాలి.

ఆ పెంకుటిల్లు ఇప్పుడు లేదు. నిరుడు దాన్ని విప్పేసి అదే జాగాలో మేడ కట్టారు. విప్పుతున్నప్పుడు అటక మీది నుంచి ఓ ఇనప్పెట్టె దిగింది. ఆ పెట్టె సంగతి చూసి రమ్మని మా వదిన, అంటే మామయ్య కూతురు, ఫోన్ చేసింది. ‘మీ మామయ్య దాన్ని పాత సామాన్లవాడికి వేసేయమంటన్నాడు. నువ్వొచ్చి చూడు’ అంది.

అటక మీది పెట్టె

ట్రంకుపెట్టె. అడుగున తుప్పు. మూత తీయగానే నాఫ్తలీన్ గుళికల వాసన, ఎండిన వేపాకు పొడి. లోపల నాలుగు మడతలు వేసిన కాయితాలు. ఒకటి విప్పితే మంచం నిండిపోయింది. వాల్‌పోస్టరు!

లెక్కపెడితే ముప్ఫయ్యొకటి తేలాయి. అన్నీ 1970లూ, 80ల తొలి ఏళ్లవీ. ‘అడవిరాముడు’ ఉంది. 1977లో రాఘవేంద్రరావు తీసిన ఆ సినిమా ఊళ్లను ఎలా ఊపేసిందో మన ఇళ్లలో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. 1980 నాటి ‘శంకరాభరణం’ ఉంది. అన్నిటికన్నా అడుగున, పాత పంచెలో చుట్టి విడిగా పెట్టింది ఒకటుంది. ‘మరోచరిత్ర’. 1978 సినిమా. పెట్టెలోకి ఎప్పుడో నీళ్లు వెళ్లినట్టున్నాయి. కొన్నిటి అంచున గోధుమరంగు అలలాగా మరక. ‘అది ఎనభైనాలుగు గాలివాన’ అన్నాడు మామయ్య దూరం నుంచే. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫాను అది. ఇంటి పెంకులు సగం లేచిపోయాయట. బియ్యం తడిశాయి, బట్టలు తడిశాయి. పెట్టెలో కాయితాలు ఓ అంచున మాత్రం తడిశాయి.

అంతవరకే చెప్పి బయటికి వెళ్లిపోయాడు. పెట్టె దగ్గరికి రాలేదు.

మాకు చిన్నప్పుడు తెలిసిన కథ ఒకటే. మామయ్య పెళ్లికి ముందూ, తర్వాత కొన్నేళ్లూ ‘సినిమా కంపెనీలో’ పనిచేశాడు. తర్వాత మానేసి చిల్లరకొట్టు పెట్టుకున్నాడు. వదినకు నెల్లూరు సంబంధం వచ్చినప్పుడు కూడా పెళ్లివారికి చెప్పింది అదే మాట. సినిమా కంపెనీ! ఆ కంపెనీ ఒక సైకిలు, ఒక బకెట్టు, ఒక చీపురుకట్ట అని నాకు ఆ పెట్టె తెరిచాకే తెలిసింది.

రాత్రి పూట ఉద్యోగం

మామయ్య వాల్‌పోస్టర్లు అంటించేవాడు. 1973లో ఇరవయ్యేళ్ల వయసులో మొదలుపెట్టి పదమూడేళ్లు అదే పని. తడ, చుట్టుపక్కల పల్లెలు, ఒక్కోసారి అటు ఆరంబాకం దాకా.

అప్పట్లో తెలుగు సినిమా ఊపిరంతా మద్రాసులోనే. మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు స్టూడియోలు, ల్యాబులు, తారల ఇళ్లు అన్నీ ఆ ఊళ్లోనే. హైదరాబాద్‌లో సారథి స్టూడియో ముందే ఉన్నా, 1976లో అన్నపూర్ణ స్టూడియో వచ్చినా, పరిశ్రమ అంతా తట్టాబుట్టా సర్దుకుని రావడానికి చాలా ఏళ్లు పట్టింది. అంటే తెలుగు సినిమా మద్రాసు నుంచి తెలుగునేలకు రావాలంటే ఉత్తరానికి పోయే రోడ్డో, రైలో పట్టాలి. ఆ రెండు దారుల్లోనూ మొదట తగిలే తెలుగు ఊళ్లలో తడ ఒకటి. సినిమా రీళ్ల డబ్బాలు బోగీలో వెళ్లిపోతుంటే ప్లాట్‌ఫారం మీద నిలబడి ‘ఇయ్యి ఏ బొమ్మయ్యి?’ అని అడిగేవాళ్లట. సినిమాను ‘బొమ్మ’ అనడం ఇక్కడి అలవాటు. బొమ్మ పడింది, బొమ్మ ఆడింది, బొమ్మ పోయింది.

సినిమా వ్యాపారం లెక్కలో నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్రల్లాగే నెల్లూరు కూడా ఒక ప్రత్యేక ఏరియా. నెల్లూరు నుంచి పోస్టర్ల కట్ట బస్సు మీద వచ్చేది. కట్టలో మూడురకాలు. ఒంటి షీటు, అంటే ముప్ఫై అంగుళాలకు నలభై. షీట్లు కలిపి అంటించే పెద్దబొమ్మలు. చిన్న స్లిప్పులు. ‘నేడే చూడండి’, ‘రేపటి నుండి’, ‘4వ వారం’ లాంటివి స్లిప్పుల మీద ఉండేవి.

‘మైదా ఉడకబెట్టాల. ఉండ కట్టకూడదు. దాంట్లో కాస్త మైలుతుత్తం. లేదంటే పురుగు పడతది, మేకలు పీకి తింటయి. తుత్తం వేసినా తినే మేకలుండాయనుకో!’ అని నవ్వాడు మామయ్య, ఆ సాయంత్రం కాస్త మనసు కుదుటపడ్డాక.

పని రాత్రిపూట. రెండో ఆట వదిలాక ఊరు సద్దుమణిగాక సైకిలెక్కాలి. తెల్లారేసరికి జనం కళ్లకు కొత్త బొమ్మ కనిపించాలి. పెద్దబొమ్మ అంటించడంలో ఓ కిటుకుంది. ముందు కింది షీట్లు వేయాలి. తర్వాత పై షీటు అంచు కింది షీటు మీదికి రెండు వేళ్లు వచ్చేట్టు పడాలి. పెంకులు కప్పినట్టే! లేకపోతే వాన నీళ్లు అతుకులోకి దిగి మొదటి జల్లుకే ఊడిపోతుంది. హీరోగారి ముఖం రెండు షీట్ల మధ్య చీలుతుంది కాబట్టి ముక్కు ముక్కుకు, పెదవి పెదవికి కలవాలి. చీకట్లో లాంతరు వెలుతురులో! ‘ఒకసారి కన్ను ఒక అంగుళం కిందికి పడింది. పొద్దున్నే అభిమానులు కొట్టడానికొచ్చారు’ అన్నాడు.

ఇక్కడి గోడలకు ఇంకో చిక్కుంది. రెండు భాషల పోటీ. తెలుగు పోస్టరు పక్కన తమిళ పోస్టరు. ఎవరి గోడ ఎవరిదన్నది మాటతో కుదిరిన ఒప్పందమే. ఆ రెండు భాషల ప్రేమకథే ‘మరోచరిత్ర’. తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి. బాలచందర్ విశాఖ తీరంలో తీసిన సినిమా. అది మద్రాసులో తెలుగులోనే, డబ్బింగ్ లేకుండానే సఫైర్ థియేటర్లో ఏడాదిన్నరకు పైగా ఆడింది. తడలాంటి ఊళ్లో ఆ బొమ్మకు అనువాదం ఎందుకు? కథ ఇక్కడి ప్లాట్‌ఫారం మీదే రోజూ జరిగేదాయె!

ఒక బొమ్మ వెనక ఎన్ని చేతులు

మనం పోస్టరు చూసి వదిలేస్తాం. దాని వెనకున్న పని తెలిస్తే అంత తేలిగ్గా వదలం.

ఆ రోజుల్లో కంప్యూటర్లు లేవు. స్టిల్ ఫొటోలను కత్తిరించి, అట్ట మీద అతికించి, పైన రంగులు పూసేవారు. లేదా మొత్తం బొమ్మను కుంచెతోనే వేసేవారు. సినిమా పేరు కూడా అచ్చు అక్షరం కాదు, ఆర్టిస్టు చేతిరాత. పౌరాణికమైతే అక్షరాలకు కిరీటాలు, క్రైమ్ అయితే కత్తిగాట్లు. పేరు చదవడం రానివాళ్లకు కూడా ఆ అక్షరాల వాలు చూస్తే అది ఏ తరహా సినిమానో తెలిసిపోయేది. బాపు స్వయంగా చిత్రకారుడు కావడంతో ఆయన సినిమాల ప్రకటనలకు ఓ ప్రత్యేకమైన అందం వచ్చింది. ఆయన తొలి సినిమా ‘సాక్షి’ 1967లో వచ్చింది. ఆ సినిమాతోనే పబ్లిసిటీ డిజైనర్‌గా అడుగుపెట్టాడు పాలకొల్లు నుంచి మద్రాసు చేరిన ఈశ్వర్. తర్వాత దశాబ్దాల పాటు వేల సినిమాలకు ఆయన కుంచె పనిచేసింది. తన అనుభవాలను ‘సినిమా పోస్టర్’ అనే పుస్తకంగా కూడా రాశాడు. 2021 సెప్టెంబరులో చెన్నైలో కన్నుమూశాడు. గోడల మీద కోట్లమంది చూసిన బొమ్మలు వేసిన మనిషిని వీధిలో చూస్తే గుర్తుపట్టేవాళ్లు ఎందరుంటారు?

ఆ డిజైన్ అచ్చుకు వెళ్లేది. మద్రాసు ప్రెస్సులు, శివకాశి ప్రెస్సులు. పసుపు, ఎరుపు, నీలం, నలుపు. ఒక్కో రంగుకూ ఒక్కో ప్లేటు. ఒకే కాయితం నాలుగుసార్లు యంత్రంలోకి వెళ్లి రావాలి. ఒక ప్లేటు వెంట్రుకవాసి జరిగినా హీరోయిన్ బొట్టు కనుబొమ్మ మీదికి వెళ్లిపోతుంది. మామయ్య పెట్టెలోని ఒక పోస్టరులో సరిగ్గా అలాగే పెదవుల ఎరుపు చెంప మీదికి జారింది. ‘ఇట్టాటివి మాకు ఎక్కువొచ్చేవి. మంచియ్యి టౌన్లకు పోయేవి’ అన్నాడు నవ్వుతూ.

మిగిలిన పోస్టర్లు వృథా పోయేవి కావు. వెనకవైపు తెల్లగా ఉంటుంది కదా, స్కూలు పుస్తకాలకు అట్టలయ్యేవి. అలమరాల్లో పరిచేవారు. కొట్లో పొట్లాలు కట్టేవారు. నేను మూడో తరగతి లెక్కల పుస్తకానికి వేసుకున్న అట్ట మీద సగం మీసం ఉండేది. అది ఎవరి మీసమో ఏడాదంతా పందేలు కట్టుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే కాస్త బాధేస్తుంది. పుస్తకానికి అట్ట వేసిన ప్రతి పోస్టరూ మళ్లీ దొరకని పోస్టరే!

కాయితం పనికిరాకపోయేది కాబట్టే అది అపురూపమైంది. ప్రపంచమంతా ఇదే కథ. ఒక ఫలానా సినిమా కోసం అంటూ వేసిన తొలి పోస్టరు 1895లో పారిస్‌లో లూమియర్ సోదరుల కోసం వేసింది. తోటమాలి ముఖం మీద పైపు నీళ్లు చిమ్మే చిన్న హాస్య చిత్రానిది. 1927 నాటి జర్మన్ సినిమా ‘మెట్రోపొలిస్’ పోస్టరు ఒకటి 2005లో 6 లక్షల 90 వేల డాలర్లకు అమ్ముడైంది. వేలల్లో అచ్చయి గోడకెక్కి చినిగిపోయినవాటిలో నాలుగైదు మిగలడమే దాని ఖరీదు. మన దేశంలో 1964లో పుణేలో మొదలైన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ సినిమాలతోపాటు పోస్టర్లనూ, పాటల పుస్తకాలనూ దాస్తోంది. 2019లో ముంబయిలో జాతీయ సినిమా మ్యూజియం తెరిచారు. ఎం.ఎఫ్.హుసేన్ అంతటి చిత్రకారుడు ముంబయిలో మొదట పొట్టపోసుకున్నది సినిమా హోర్డింగులు వేసే. వినైల్ ఫ్లెక్సీలు వచ్చాక ఆ కుంచెలు మూలన పడ్డాయి. మామయ్యలాంటి వాళ్ల పని మాత్రం ఎక్కడా రికార్డు కాలేదు.

హాల్లో వద్దు!

అసలు గొడవ ఇక్కడే మొదలైంది. వదిన ఆ పోస్టర్లలో బాగున్నవి ఫ్రేములు కట్టించి కొత్తింటి హాల్లో పెడతానంది. గృహప్రవేశానికి ఇంకో నెల. ఇప్పుడు నగరాల్లో కాఫీ హోటళ్లవాళ్లు పాత సినిమా పోస్టర్ల నకళ్లను గోడలకు పెట్టుకుంటున్నారు. మన ఇంట్లో అసలువే ఉంటే పెట్టుకోమా? ఆవిడ వాదన సబబుగానే ఉంది.

మామయ్య ఒప్పుకోలేదు. ‘హాల్లో వద్దు. కావాలంటే మేడమీద పెట్టుకో’ అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పడు. రెండోరోజు రాత్రి మంచాలు ఆరుబయట వేసుకున్నాక నాతో అన్నాడు: ‘అల్లుడూ, వియ్యంకుడు వస్తాడు. ఇయ్యెక్కడియని అడుగుతాడు. ఏం చెప్పేది? బకెట్టు పట్టుకుని గోడలెమ్మట తిరిగేవాడి కూతుర్ని ఇచ్చానని ఇప్పుడు చెప్పమంటావా?’

నాకు నోట మాట రాలేదు. వదిన పెళ్లయి పాతికేళ్లు దాటింది. ఆమె కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. అయినా ఆయన లోపల ఆ బకెట్టు ఇంకా అలాగే ఉంది. పదమూడేళ్లు ఊరందరికీ పండగ కబురు మోసుకొచ్చిన మనిషి, ఆ కబురు తెచ్చింది తానేనని చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాడు. మరి ఆ పోస్టర్లను ఇన్నేళ్లు ఎందుకు దాచాడు? వేపాకు ఎందుకు మార్చాడు? తుఫాను రాత్రి బియ్యం బస్తా కన్నా ముందు ఆ పెట్టెను ఎందుకు అటకెక్కించాడు?

అడగలేదు. అడిగితే లేచి వెళ్లిపోతాడని తెలుసు.

ఫ్రేము కోత

వదిన మాత్రం ఆగలేదు. ముందు ఒక్కటి కట్టించి చూపిద్దాం, చూస్తే ఆయనే మెత్తబడతాడు అంది. ‘అడవిరాముడు’ తీసుకుని ఓ ఫ్రేముల దుకాణంలో ఇచ్చొచ్చాం. నాలుగు రోజులకు తెచ్చుకున్నాం. బంగారు రంగు ఫ్రేము, మెరిసే అద్దం. హాల్లో గోడకు ఆనించి పెట్టాం. బాగానే ఉందనిపించింది.

మామయ్య వచ్చాడు. చూశాడు. కళ్లద్దాలు సర్దుకుని దగ్గరికెళ్లి అడుగు అంచు మీద వేలు పెట్టాడు.

‘కింద పట్టీ ఏదీ?’

అప్పుడు గానీ మాకు అర్థం కాలేదు. పోస్టరు అడుగున ఓ అరజానెడు తెల్లటి పట్టీ ఉంటుంది. థియేటరు పేరు, ఆటల వేళలు రాసుకోవడానికి వదిలేది. దుకాణంవాడు తన దగ్గరున్న అద్దం కొలతకు సరిపోవడానికి దాన్ని కత్తిరించేశాడు. ఆ పట్టీ మీద నీలం రంగుతో, కుంచెతో, గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది. ‘తడ - శుక్రవారం నుండి - రోజూ 2 ఆటలు’. రాసింది మామయ్యే.

‘బొమ్మ మద్రాసోళ్లది. అక్షరం నాది. నాదాన్ని కోసేసినారు’ అన్నాడు.

గట్టిగా అనలేదు. అనుంటే బాగుండేది. వదిన కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను మర్నాడు ఆ దుకాణానికి పరుగెత్తాను. చెత్తబుట్ట అప్పటికే ఖాళీ అయింది. మిగతా ముప్ఫయ్యింటినీ మంచం మీద పరిచి ఒక్కొక్కటే చూశాను, ఈసారి బొమ్మలు కాదు, అడుగు పట్టీలు. పంతొమ్మిదింటి మీద ఆయన చేతిరాత ఉంది. తేదీలున్నాయి. మ్యాట్నీ ఉన్న పండగరోజులున్నాయి. ఒకదాని మీద ‘స్త్రీలకు ప్రత్యేక ఆట’. ‘మరోచరిత్ర’ పట్టీ మీద తెలుగులో రాసి, దాని కిందే చిన్న అక్షరాల్లో తమిళంలోనూ రాశాడు. మామయ్యకు తమిళం రాయడం వచ్చని వదినకే తెలియదు!

అక్కడే నాకు ఒక సంగతి తట్టింది. ‘మరోచరిత్ర’ పోస్టర్లు ఇంకెక్కడైనా దొరకవచ్చు. ఏ ఆర్కైవ్‌లోనో భద్రంగా ఉండవచ్చు. తడ పేరుతో, తడ వేళలతో, రెండు భాషల్లో చేత్తో రాసిన కాయితం మాత్రం ఇంకెక్కడా ఉండదు. అది సినిమా చరిత్ర కాదు. ఒక ఊరి చరిత్ర. ఒక మనిషి సంతకం.

ఆ మాటే మామయ్యతో అన్నాను. ఆయన ఏమీ అనలేదు. అయితే మర్నాడు పొద్దున పోస్టర్ల దగ్గర చాపేసుకుని కూర్చున్నాడు. ఏది ఏ ఏడాదిదో, ఏ గోడమీదిదో చెప్పడం మొదలుపెట్టాడు. మనవడు సెల్‌ఫోన్‌లో రికార్డు చేశాడు. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే ‘ఉండు, ఈ ఒక్కటీ’ అన్నాడు.

ఇప్పుడు తడ గోడలు

ఒక సాయంత్రం ఆయన్ను బండి మీద కూర్చోబెట్టుకుని పాత గోడలు చూపించమన్నాను. కొన్ని గోడలు రోడ్డు వెడల్పులో పోయాయి. కొన్నిచోట్ల మొబైల్ కంపెనీల రంగులు. టూరింగ్ టాకీసు డేరా ఉన్నచోట ఇళ్లు. ఊరు కూడా మారింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు తడ నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. మామయ్య మాత్రం ఇప్పటికీ చిరునామాలో నెల్లూరనే రాస్తాడు.

సినిమా ఊరిని వదిలిపోలేదు లెండి. సూళ్లూరుపేట దగ్గర హైవే పక్కన 2019లో ‘సాహో’తో మొదలైన వి ఎపిక్ థియేటర్ తెర ఆసియాలోని పెద్ద తెరల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. చెన్నై నుంచీ కార్లలో వస్తారు. టికెట్ ఫోన్‌లో కొంటారు, పోస్టరు ఫోన్‌లో చూస్తారు. మామయ్యను తీసుకెళ్తే బయట ఫ్లెక్సీని తడిమి చూసి ‘దీనికి మైదా అంటదు’ అన్నాడు.

తిరిగొస్తుంటే పులికాట్ మీద పొద్దు వాలుతోంది. ఒడిస్సాలోని చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. దూరంగా గులాబీ గీత గీసినట్టు ఫ్లెమింగోలు. ఈ గాలే కదా ఆ కాయితాలను తినేది అనుకున్నాను. ఈ గాలి పీలుస్తూనే కదా ఆయన వాటిని కాపాడింది అని కూడా అనుకున్నాను.

మేకు సరిగా కొట్టారా?

గృహప్రవేశం నాటికి హాల్లో మూడు పోస్టర్లు వెలిశాయి. పట్టీలతో సహా! ‘మరోచరిత్ర’, ‘శంకరాభరణం’, మూడోది అడుగు తెగిన ‘అడవిరాముడు’. అది కూడా పెట్టాల్సిందేనని మామయ్యే పట్టుబట్టాడు. తెగినచోట కొత్త తెల్లకాయితం పట్టీ విడిగా పెట్టి, వణికే చేత్తో అవే అక్షరాలు మళ్లీ రాశాడు. గుండ్రంగా రాలేదు. అయినా అవి ఆయన అక్షరాలే.

వియ్యంకుడు వచ్చాడు. రిటైరయిన బ్యాంకు ఉద్యోగి, మితభాషి. వ్రతం అయ్యింది, భోజనాలయ్యాయి. సోఫాలో కూర్చుని తాంబూలం నములుతూ గోడవైపు చాలాసేపు చూశాడు. వదిన నావైపు చూసింది. నేను మామయ్యవైపు చూశాను. ఆయన కండువా సర్దుకుంటున్నాడు.

‘బావగారూ, ఫ్యాను గాలికి ఆ మధ్యది కాస్త ఊగుతున్నట్టుంది. మేకు సరిగా కొట్టారా? రాలిపోదు కదా?’ అన్నాడు వియ్యంకుడు.

మామయ్య ఒక్క క్షణం ఆగాడు.

‘నేనంటించిన పోస్టరు పదమూడేళ్లలో ఒక్కటి రాల్లేదు బావగారూ!’ అన్నాడు.

వియ్యంకుడు నమలడం ఆపాడు. లేచి పోస్టరు దగ్గరికెళ్లి, అడుగు పట్టీ మీద రాసింది చదివి, వెనక్కి తిరిగి ‘ఇది మీ చేతిరాతా? ఈ తమిళం కూడానా?’ అన్నాడు. ఇద్దరూ గోడ దగ్గరే నిలబడి మాటల్లో పడ్డారు. కాఫీలు చల్లారిపోయాయి. ఎవరూ గుర్తుచేయలేదు.

*

మీ ఇంట్లోనూ ఉన్నాయా?

పాత పోస్టర్లు, పాటల పుస్తకాలు దొరికితే తొందరపడి దుకాణానికి ఇవ్వకండి. మేం చేసిన పొరపాటు మీరు చేయకుండా, తర్వాత నేర్చుకున్న కొన్ని సంగతులు:

• ముందుగా రెండువైపులా ఫొటో తీసి పెట్టుకోండి. వెనకవైపు పెన్సిల్ రాతలు, ముద్రలు ఉండవచ్చు. అవీ చరిత్రే.

• అంచులు కోయనివ్వకండి. ఫ్రేమును పోస్టరు కొలతకు చేయించాలి గానీ పోస్టరును ఫ్రేము కొలతకు కాదు.

• లామినేషన్ వద్దు. వేడికి, జిగురుకు కాయితం శాశ్వతంగా పాడవుతుంది. తర్వాత విడదీయలేం. సెల్లోటేపు కూడా వద్దు, కొన్నేళ్లకు పచ్చటి మరక మిగులుతుంది.

• చిరుగులకు వెనకవైపు పల్చటి టిష్యూ కాయితం, పలచగా ఉడికించిన గోధుమ గంజి చాలు. చేతకాకపోతే తెలిసినవాళ్లకు అప్పగించండి.

• అద్దం కాయితానికి నేరుగా తగలకూడదు. మధ్యలో ఆమ్లం లేని అట్టతో కాస్త ఖాళీ వదలాలి. తేమకు కాయితం అద్దానికి అంటుకుపోతుంది.

• ఎండ పడే గోడ, వంటింటి గోడ, చెమ్మ పట్టే గోడ వద్దు. ఎండకు ముందు ఎరుపు, పసుపు పోతాయి. చివరికి నీలం, నలుపు మిగులుతాయి. సముద్రతీరపు ఊళ్లలో ఫ్రేముకూ గోడకూ మధ్య గాలి ఆడేలా చిన్న బిరడాలు పెట్టండి.

• మరీ అపురూపమైనదైతే స్కాన్ చేయించి నకలును గోడకు పెట్టండి. అసలుదాన్ని మడతలు విప్పి, పరుపుగా, చీకట్లో దాచండి.

• అన్నిటికన్నా ముందు, ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని అది ఎక్కడిదో, ఎప్పటిదో అడిగి రాసుకోండి. కాయితం కన్నా ముందు జ్ఞాపకమే రంగు మారుతుంది.

ఎలా వెళ్లాలి?

చెన్నై నుంచి తడ సుమారు 80 కిలోమీటర్లు. కోల్‌కతా వైపు వెళ్లే జాతీయ రహదారి మీదే ఉంది. చెన్నై-సూళ్లూరుపేట లోకల్ రైళ్లు తడలో ఆగుతాయి. నెల్లూరు నుంచి వచ్చేవాళ్లు గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట మీదుగా బస్సులో చేరుకోవచ్చు. పులికాట్‌లో ఫ్లెమింగోలను చూడాలంటే చలికాలం మంచిది. దగ్గర్లోని నేలపట్టు పక్షుల కేంద్రాన్నీ అదే ప్రయాణంలో చూసి రావచ్చు.